కామ వదిలిన గొడ్డలి

ఉచ్చీరమ్మ గెలిచిన మొదటి గెలుపు గొడ్డలి కూలి. మా కోసిగి పక్క పల్లెల్లో కంప కొట్టే పనిలో గొడ్డలి పట్టేది మగవాళ్ళు. కొట్టిన ముళ్ళకంపను లాగి కుప్ప వేసేది ఆడవాళ్ళు. లాగేవాళ్ళకు కూలి తక్కువ, ముళ్ళు ఎక్కువ. మొగుడు పోయిన ఏడాదే ఉచ్చీరమ్మ గుత్తేదారు ముందుకు పోయి నిలబడింది.

"నేనూ కొడతా. నాకూ గొడ్డలి కూలి ఇయ్యి."

ఆ గుత్తేదారు ఆదోని మనిషి. నవ్వాడు. "ఏమమ్మా, గొడ్డలే నీకంటే బరువుంటాది గదా!"

"మోసేది నేను. నీకేం నొప్పి?"

అక్కడున్నవాళ్ళు నవ్వేసరికి గుత్తేదారు వెనక్కి తగ్గలేకపోయాడు. మా ఊళ్ళో అందరికంటే గట్టిగా కొట్టే సుంకప్పతో ఆమెకు పోటీ పెట్టాడు. కాలువ గట్టుకు చెరో పక్క. ఎండ నెత్తికెక్కేసరికి సుంకప్ప గట్టు మీద కూలబడి నీళ్ళ చెంబు అడిగాడు. ఉచ్చీరమ్మ కొడుతూనే ఉంది. చేతులు బొబ్బలెక్కి పగిలి కామ, గొడ్డలి పట్టుకునే కర్ర, అంతా తడిసింది, ఆమె దాన్ని కొంగుతో తుడిచి మళ్ళీ పట్టింది. ఆ సాయంత్రం గుత్తేదారు నోరెత్తకుండా గొడ్డలి కూలి ఇచ్చాడు. మా పక్క ఒక ఆడమనిషి చేతికి గొడ్డలి కూలి రావడం అదే మొదలు. ఆ గొడ్డలికి కామ వేసింది నేను.

నా పేరు గోవిందయ్య. వడ్లపని, అంటే వడ్రంగం, మాది. మా ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను, ఆ కాలంలో మా బడికి అదే పై మెట్టు. ఎడ్లబండ్లు నడిచిన రోజుల్లో ఎమ్మిగనూరు సంతకు పోయే బండ్లలో సగం నా చేతి చక్రాల మీదే పోయేవి. మా బడి తలుపులు నేను చేసినవే. పైకప్పు రెండుసార్లు మార్చారు, తలుపులు మార్చలేదు. బండ్లు పోయి టైర్లు వచ్చాక నాకు మిగిలింది గొడ్డలికి, పారకు, కలుపు తీసే తొలికకు కామలు వేయడం. నల్లతుమ్మ కొయ్యను నీడలో ఆరబెట్టి, ఇనుము కంతకు సరిగా చెక్కి, ఇనుము కదలకుండా పైన కొయ్య చీలిక దిగ్గొట్టి ఇస్తాను. నేను వేసిన కామ నుంచి ఇనుము ఊడిందన్న మాట ఈ చుట్టుపక్కల ఎవరి నోటా రాలేదు, నిరుడు కార్తీకం దాకా.

అందుకే ఇది రాస్తున్నాను. మా ఊరు ఇప్పుడు ఉచ్చీరమ్మను ఒకే ఒక్క మాటతో గుర్తు పెట్టుకుంది. ఆ మాట నేనూ విన్నాను, దాచను. దానికి ముందు ఆమె చేసినవి కూడా ఎవరో ఒకరు రాయాలి గదా. రాయగలిగిన పాతవాళ్ళలో మిగిలింది నేనే.

గొడ్డలి కూలి వచ్చిన తర్వాత ఆమె ఎవరి కింద పనికి పోలేదు. తానే ముఠా కట్టింది. వానలు లేని మా ఊళ్ళో దీపావళి దాటితే సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. దాన్నే మేము సుగ్గికి పోవడం అంటాం. ఎవరో ఒక మేస్త్రీ వెనక తుంగభద్ర దాటి కర్ణాటకలోకి పోయి, అక్కడి పొలాల్లో, కాలువ గట్ల మీద కంప కొట్టి, ఉగాదికి తిరిగి వస్తారు. ఆడ మేస్త్రీ వెనక మగవాళ్ళు నడవడమా అని మొదట గొణిగారు. ఆమె ముఠాలో వేళకు తిండి, వారానికొక సెలవు అని తెలిశాక గొణిగినవాళ్ళే ముందొచ్చి నిలబడ్డారు. సుంకప్ప కూడా వచ్చాడు.

ఒక ఏడాది రాయచూరు అవతల, కంప లాగే ఆడవాళ్ళ కాళ్ళు ముళ్ళు దిగి చీము పట్టాయి. "అందరికీ తోలు చెప్పులు తెప్పించు, ఆ మీదట పని" అని ఉచ్చీరమ్మ గుత్తేదారుకు చెప్పింది. వాడు వినలేదు. ఆమె తన గొడ్డలిని వాడి జీపు ముందు నేలలో దిగ్గొట్టి, దాని పక్కనే కూర్చుంది. ముఠా అంతా కూర్చుంది. చెప్పులు వచ్చాయి. జ్వరం వచ్చిన ముసలాయన్ను వీపు మీద మోసుకుని బస్సు రోడ్డు దాకా తెచ్చిందీ ఆమే. తీసుకుపోయిన మనిషిని తీసుకురాని ఏడు ఆమెకు లేదు. ఈ మాట చెప్పుకోగల మేస్త్రీ మా మండలంలో ఇంకొకరు ఉంటే వచ్చి నాతో చెప్పమనండి.

కోపం ఉండేది. లేదనను. ఆ కోపంతోనే చెప్పులు తెచ్చింది, ఆ కోపంతోనే ఎగ్గొట్టబోయిన కూలి తెచ్చింది. అప్పుడు అందరూ "మా మేస్త్రీ పులి" అన్నారు. పులి తమ కోసం అరిచినంత కాలం దాని నోరు ఎవరికీ చెడ్డగా తోచలేదు.

ఆదోనిలో డిగ్రీ చదివే నా మనవరాలు దివ్య ఒక ఆదివారం ఇంటికి వచ్చి, నేను కామ చెక్కుతుంటే పక్కన కూర్చుంది.

"తాతా, ఇంగ్లీషులో నీ పని మీద ఒక మాటుంది తెల్సా?"

"నా పని మీద వాళ్ళకేం మాట?"

"ఎవురన్నా కోపం ఆపుకోల్యాక మనుషుల మీద పడితే, కామ నుంచి ఎగిరిపోయినాడు అంటారంట. గొడ్డలి తల ఎగిరిపోయినట్ల."

ఎక్కడిదా మాట అని అడిగాను. సముద్రం అవతల, జనం అడవులు నరికి కొత్తగా ఊళ్ళు కట్టుకునే కాలంలో పుట్టిందంట. వడ్లవాళ్ళు దగ్గర లేక, ఎవరి గొడ్డలికి వాళ్ళే ఏదో ఒక కట్టె చెక్కి దూర్చుకునేవాళ్ళు. కొలత కుదరదు, కొయ్య ఆరదు. చెట్టు మీదికి ఎత్తిన గొడ్డలి చెట్టును వదిలేసి, తల ఊడి ఎటో ఎగిరిపోయేది.

"అట్లయితే వాళ్ళకు నాలాంటోడు ఒకడు దొరకలేదన్న మాట" అన్నాను. దివ్య నవ్వింది. నేను కూడా నవ్వాల్సినవాడినే. కానీ ఉలి పక్కన పెట్టేశాను. అప్పటికి మా ఊళ్ళో జరగవలసింది జరిగిపోయి నెల కాలేదు.

కోపానికి మన మాటలు చాలా ఉన్నాయి. ఒళ్ళు మండింది అంటాం, శివమెత్తింది అంటాం, ఒళ్ళు తెలియలేదు అంటాం. అన్నీ కోపం వచ్చిన మనిషికి ఏమైందో చెప్పేవే. ఇంగ్లీషువాళ్ళ మాట ఆ చుట్టూ నిలబడినవాళ్ళ సంగతి కూడా చూస్తుంది. కొట్టినవాడి చేతిలో ఉత్త కట్టె మిగులుతుంది. ఇనుము పోయి ఎవరికి తగులుతుందో వాడికీ తెలియదు.

ఉచ్చీరమ్మకు ఒక్కడే కొడుకు, జయరాం. వాడి పెళ్ళాం పద్మ దేవనకొండ పిల్ల, మాదన్న కూతురు. వాళ్ళ వైపు కందీ ఆముదమూ పండిస్తారు, సుగ్గికి పోయే అలవాటు లేదు. గొడ్డలి పని ఆ పిల్లకు కొత్త. మెత్తని మనిషి, మాట తక్కువ. కాపురానికి వచ్చిన ఏడాదికి కడుపు పండింది, నిలవలేదు. అప్పుడు ఉచ్చీరమ్మ కోడలిని నెల పాటు పొయ్యి దగ్గరికి పోనివ్వలేదు. వేడినీళ్ళు తానే కాచి పోసింది. "నా బిడ్డకు నేనుండాను, మీకెందుకు?" అని చూడవచ్చిన వాళ్ళను గడప బయటే నిలబెట్టి పంపింది. ఇది కూడా నేను చూసిందే.

ఇక ఆ పొద్దు సంగతి.

ముఠా బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఎవరి గొడ్డలిని వాళ్ళు నీళ్ళ గాబులో, తల మునిగేలా నిలబెడతారు. మా ఎండకు ఎంత మంచి కొయ్య అయినా ఎండి కుంచించుకుపోతుంది. రాత్రంతా నీళ్ళు తాగితే ఉబ్బి ఇనుమును బిగించి పట్టుకుంటుంది. పొద్దున తీశాక కామ కొసను రాతి మీద రెండు దెబ్బలు కొట్టి, తల కదులుతుందేమో చూడాలి. ఈ రెండో పని ముఠాకు నేర్పింది ఉచ్చీరమ్మే. "రాయిని అడగందే చెట్టును కొట్టొద్దు" అని కొత్తవాళ్ళకు చెప్పేది. అది చూసుకున్నాక ఊరి పొలిమేరలో ఒక కంపచెట్టు మీద మేస్త్రీ మొదటి దెబ్బ వేయాలి. ఆ దెబ్బకు ఇనుము నిలిస్తే ముఠా కదులుతుంది. నిలవకపోతే ఆ ఏడు ఆ మేస్త్రీ వెనక ఎవరూ పోకూడదు. ఇది మా పెద్దల నాటి కట్టు.

ఆ సాయంత్రం ఉచ్చీరమ్మ తన గొడ్డలిని గాబులో పెట్టి, జనాన్ని పిలవడానికి ఊళ్ళోకి పోయింది. పద్మ బర్రెకు నీళ్ళు పెట్టడానికి వచ్చింది. గాబులో గొడ్డలి ఉంటే బర్రె బెదిరి మూతి పెట్టలేదు. ఆ పిల్ల గొడ్డలిని తీసి, తడి ఇనుము తుప్పు పడుతుందని తుడిచి, వెచ్చగా ఉంటుందని పొయ్యి వెనక గోడకు ఆనించింది. రాత్రంతా అది పొయ్యి సెగకు ఎండింది. కోడలు మంచికే చేసింది. మా ఊళ్ళో పుట్టిన చిన్నపిల్ల కూడా చేయని పని అది, ఆ పిల్ల మా ఊళ్ళో పుట్టలేదు.

తెల్లారి బొలెరోలు వచ్చి నిలబడ్డాయి. డ్రైవర్లు హారన్ కొడుతున్నారు. ఉచ్చీరమ్మ హడావుడిగా ఇంట్లోకి పోయి గొడ్డలి అందుకుంది. అది గాబులో లేదన్న సంగతి ఆమెకు తట్టలేదో, జయరాం తీసి పెట్టాడనుకుందో. పొలిమేరకు వచ్చింది. అందరూ చుట్టూ నిలబడ్డారు. నేనూ ఉన్నాను, ప్రతి ఏడూ ఉంటాను. రాయి పక్కనే ఉంది. ఆమె రాయిని అడగలేదు. గొడ్డలి ఎత్తి కొట్టింది.

ఇనుము చెట్టుకు తగలనే లేదు. పైకి లేచి వెనక్కి తిరిగి, పక్కన నిలబడ్డ పుల్లమ్మ పిక్కకు తగిలింది. పుల్లమ్మ ఉచ్చీరమ్మ ఈడుది, మొదటి ఏటి నుంచి ఆమె వెనకే కంప లాగిన మనిషి. కూలబడి కాలు పట్టుకుంది. రక్తం.

అందరూ పుల్లమ్మ మీదికి వంగారు. అప్పుడు సుంకప్ప, ఎన్నేళ్ళ నుంచి దాచుకున్నాడో, మెల్లగా అన్నాడు.

"ఏం మేస్త్రీ, రాయిని అడగల్యా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఉచ్చీరమ్మ చేతిలో ఉత్త కామ. ముఖం నల్లబడిపోయింది. సరిగ్గా అప్పుడే పద్మ ముందుకు వచ్చింది. అత్తను కాపాడదామనే వచ్చింది.

"అత్తా, నేనే తీసి పొయ్యి కాడ పెట్టినా. తుప్పు పడతాదని..."

ఉచ్చీరమ్మ అటు తిరిగింది. సుంకప్ప వైపు తిరగవలసిన మనిషి.

"కడుపులోదే నిలుపుకోల్యాకపోతివి, నా గొడ్డలి నిలుపుతావేమే నువ్వు!"

ఆ మాటకు డ్రైవర్లు కూడా హారన్ ఆపేశారు. పద్మ ఏడవలేదు. చెయ్యి పొట్ట మీదికి పోయింది, అంతే. అదెందుకో మాకెవరికీ అర్థం కాలేదు. కింద కాలు పట్టుకుని కూర్చున్న పుల్లమ్మే ముందుగా నోరు తెరిచింది.

"నోరు ముయ్యే ఉచ్చీరీ! నా కాలు తెగింది సాలదా?"

పుల్లమ్మను ఆదోని తీసుకుపోయి కుట్లు వేయించారు. మిగిలినవాళ్ళు అక్కడికక్కడే పెద్దల కట్టు ఎత్తుకున్నారు. మధ్యాహ్నానికి సుంకప్ప మేస్త్రీ అయ్యాడు, ముఠా అంతా అతని వెనక బండ్లెక్కింది. ఉచ్చీరమ్మ చెప్పులు తెచ్చిపెట్టిన కాళ్ళే అవి. ఒక్కరూ ఆమె వైపు తిరిగి చూడలేదు. ఆమె అన్నది తప్పు మాటే, నేను కాదనను. ఆ తప్పు పద్మకు జరిగింది. వీళ్ళు దాన్ని అడ్డం పెట్టుకుని తమ పాత అక్కసు తీర్చుకున్నారు.

నా మీద కూడా వచ్చారు. "గోవిందన్నా, కామ నీదే గదా" అన్నారు. ఊడిన కామ తెచ్చి అందరి ముందూ చూపించాను. చీలిక దిగినచోటే దిగి ఉంది, కొయ్య ఎక్కడా పగల్లేదు. "పొయ్యి కాడ కాల్చినాక నీ ఎముకైనా సన్నబడతాది పోరా" అని పంపాను.

ఆ సాయంత్రం ఉచ్చీరమ్మ ఇనుము, కామ రెండూ తెచ్చి నా గడప మీద పెట్టింది.

"అన్నా, ఇది ఇంగ నాకొద్దు."

"కామ మంచిదేమ్మా."

"నీ కామను నేనేమన్లేదన్నా. నా నోటికెవురు ఏసినారు చీలిక?"

మర్నాడు పొద్దున బస్సుకే పద్మ పుట్టింటికి పోయింది. వెనకాలే జయరాం పోయాడు. 

ఇంట్లో బర్రె, ఆమె మిగిలారు. పదిహేను రోజులు తలుపు తీయడం, మూయడం, అంతే. తర్వాత నా దగ్గరికి వచ్చి, "నువ్వు పెద్దోనివి, నాతో దేవనకొండకు రా అన్నా" అంది. పోయాను. ఎమ్మిగనూరులో బస్సు మారాం. ఆమె ఒళ్ళో జొన్నరొట్టెల మూట. చెనిక్కాయల పొడి పద్మకు ఇష్టమని దంచి తెచ్చింది. దారి పొడుగునా ఏం చెప్పాలో లోపల్లోపల చెప్పుకుంటూనే ఉంది, పెదవులు కదలడం నేను చూశాను.

మాదన్న మర్యాదస్తుడు. మంచం వాల్చాడు, నీళ్ళిచ్చాడు. వియ్యపురాలిని మాత్రం "రామ్మా" అనలేదు. పద్మ వచ్చి గుంజకు ఆనుకుని నిలబడింది. ఉచ్చీరమ్మ మంచం మీద కూర్చోలేదు, నేల మీద కూర్చుంది.

"బిడ్డా, ఆ మాట నీకు కాదు. ఆ సుంకప్ప నవ్వినాడు, నాకు కోపమొచ్చె. కోపమొస్తే నాకు ఒళ్ళు తెలీదు."

"నీకు తెలీదు అత్తా. నాకు తెలిసె గదా."

 పద్మ గొంతు పెంచకుండానే చెప్పింది.

"ఆ పొద్దు నాకు మూడో నెల. ఎవురికీ సెప్పలేదు. మొదటి దెబ్బ అయిపోతానే నీకే ముందు సెప్దామని ఉంటి. నువ్వు అందరి ముందరా అట్లంటివి. అప్పట్నుంచి దినామూ పొద్దున లేచి, నిలిచిందా పోయిందా అని సూసుకుంటాండా."

నేను అక్కడ కూర్చున్నాను, ఎందుకు వచ్చానా అనిపించింది. ఉచ్చీరమ్మ చెయ్యి కోడలి కాళ్ళ వైపు పోబోయింది. పద్మ పాదాలు వెనక్కి తీసుకుంది.

"వద్దత్తా. నువ్వు మంచిదానివే. నాకు సేసిందంతా గుర్తుండాది. గానీ ఈ బిడ్డ బయటపడేదాకా నీ నోరు నాకు దగ్గర్లో ఉండకూడదు. పో."

రొట్టెల మూట మాదన్న పెళ్ళాం తీసుకుంది, అది కూడా నా ముఖం చూసే. తిరిగి వచ్చే బస్సులో ఉచ్చీరమ్మ పెదవులు కదల్లేదు.

ఆ వారంలోనే బర్రెను పుల్లమ్మ దొడ్లో కట్టేసి ఆమె సుగ్గికి పోయింది. మా ఊరి ముఠాతో కాదు. ఏదో పరాయి ఊరి మేస్త్రీ కింద, సింధనూరు పక్కకు. అక్కడ ఆమె కంప లాగుతోంది. గొడ్డలి ఇస్తామన్నా పట్టలేదంట. చూసి వచ్చినవాళ్ళు చెప్పారు. పేరు తెలిసిన వాళ్ళెవరో "కోసిగి పులీ, ఎందుకట్లా?" అని అడిగితే కంప లాక్కుంటూ పోయిందంట. ఉగాదికి మా ముఠా తిరిగొచ్చింది, ఆమె రాలేదు. సుంకప్ప ముఠాలో ఈ ఏడు ఆడవాళ్ళకు చెప్పులు ఇవ్వలేదు. ఎవరూ అడగలేదు. అడిగే మనిషిని వాళ్ళే దించేశారు. కాళ్ళు వాచి వచ్చిన వాళ్ళను పుల్లమ్మ గడపలో కూర్చుని చూసి, "పోండి, మీ సుంకప్పను మీ కాళ్ళు ఊదమనండి" అంది. ఆమె కాలు మానింది. నడక మాత్రం ఒక పక్కకు పడుతుంది. "నా కాలికి ఆదోనిలో కుట్లేసినారు గోవిందన్నా. ఆ పద్మ కడుపుకు తగిలిందానికి యా డాక్టరు ఏస్తాడు?" అని నన్ను అడిగింది. 

వైశాఖంలో జయరాం నుంచి ఫోన్ వచ్చింది. తల్లికి చేయడం వాడికి ఇష్టం లేదు, నాకు చేశాడు. ఆడపిల్ల. నేను ఉచ్చీరమ్మకు ఫోన్ చేశాను. అవతల కంప విరిగే చప్పుడు, కన్నడంలో ఎవరివో కేకలు. కానుపైందని చెప్పాను. ఆమె మగా ఆడా అని అడగలేదు.

"నిలిచిందా అన్నా?"

"నిలిచింది. తల్లీ పిల్లా బాగుండారు."

 "సరే అన్నా, పనుంది" అని పెట్టేసింది.

నేను ఊరుకోలేదు. పెద్దవాడిగా నా మాటకు ఇంకా ఎంతో కొంత విలువ ఉందని మళ్ళీ దేవనకొండకు పోయాను. పిల్ల ఉయ్యాల్లో ఉంది, ముక్కు అచ్చం నాయనమ్మదే. ఆ మాట నేను పైకి అనలేదు. పద్మతో, "ఆయమ్మ సగమైపోయిందమ్మా" అన్నాను.

"నేనూ సగమైతి తాతా" అంది పద్మ. బిడ్డకు జోల పట్టి, ఆగి, మళ్ళీ అంది. "పాపను ఉరుకుంద గుళ్ళో ఈరన్నసామికి సూపించాల. శ్రావణంలో పోతాం. ఆమె వస్తే రానీ. నేను పిలిచినానని మాత్రం సెప్పొద్దు."

"ఎత్తుకోనిస్తావా?"

"ఆ పొద్దు సూస్తాం. మాట్లాడకుండా ఎత్తుకుంటే ఎత్తుకోనీ. ఇంటికి మాత్రం రాము. మేము ఈడే ఉంటాం."

అదే నేను తెచ్చిన గెలుపు. ఇంతకంటే పెద్ద పనులు ఎన్నో చేశాను, ఇంత కష్టపడింది లేదు.

ఆ సంగతి ఫోనులో చెప్పాను, పిలిచిందని చెప్పకుండానే. ఉచ్చీరమ్మకు అంతా అర్థమైంది. మేస్త్రీని అడిగి సెలవు పెట్టుకుంటానంది. నేరుగా ఉరుకుందకే వస్తానంది, మా ఊరి మీదుగా రానంది. పద్మ వాళ్ళు పోయేదీ, ఆమె వచ్చేదీ ఒకే పొద్దు, శ్రావణ మాసం మూడో సోమవారం, ఆగస్టు ముప్పై ఒకటో తేదీ. అది ఇంకా రాలేదు.